‘పాస్’ అనే మాట: పుట్టుక, అర్థం, వాడుక

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మేము మొదట కవిత రాద్దామనుకున్నాం. కానీ ప్రతి సంచికలోనూ కవితలు పది పన్నెండు ఎలాగూ వస్తాయి, అందులో సగం అమ్మ మీదే ఉంటాయి. మేము నల్లగొండలో పి.జి. చదివింది ఇంగ్లీషు. కాబట్టి చదువుకున్న దాంట్లోంచి తమ్ముళ్లకు పనికొచ్చే ఒక్క విషయం రాద్దామని కూర్చున్నాం. ఏ మాట గురించి రాయాలని పెద్దగా ఆలోచించనక్కర లేకపోయింది. ఈ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మేము ఎక్కువసార్లు విన్న ఇంగ్లీషు క్రియ ఒక్కటే ఉంది. అది ‘పాస్’.

పొద్దున లేస్తే బస్ పాస్. వారానికోసారి ఇంటికి పోవాలంటే వార్డెన్ సారు సంతకం పెట్టిన ఔట్ పాస్. అది చూపిస్తే గానీ గేటు తీయని వాచ్‌మన్ తాత. స్కాలర్‌షిప్ పడిందో లేదో చూసుకోవడానికి బ్యాంకు పాస్‌బుక్. ఆదివారం మధ్యాహ్నం టైంపాస్. కూరగాయల బిల్లు ఎక్కడో పాస్ కాకుండా ఆగిపోతే ఆ నెల సాంబారు పలచబడేది. వీటన్నిటి మీదా పెద్దది పది పాస్. దసరా సెలవులకు ఊరికి పోతే కట్ట మీద కూర్చున్న ముసలోళ్లు కూడా అడిగేది అదే: “ఈసారన్న పాసైతవా లేదా పిల్లగా?” ఇంగ్లీషు ఒక్క ముక్క రాని వాళ్ల నోట్లో కూడా ఈ మాట ఇంత సులువుగా తిరుగుతోందంటే, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి గదా.

ఇది లాటిన్ మూలం ఉన్న మాట. లాటిన్‌లో ‘పాందెరె’ అనే క్రియకు చాపడం, పరచడం అని అర్థం. దాని నుంచి ‘పాస్సుస్’ అనే నామవాచకం పుట్టింది. కాళ్లు చాపి వేసే అడుగు అన్నమాట. మన భాషలో దీనికి అచ్చమైన మాట ‘అంగ’. ‘నాలుగు అంగల్లో పోయొస్త’ అంటాం చూడండి, ఆ అంగ. రోమన్లు దూరాన్ని కొలవడానికి దీన్ని కొలమానంగా పెట్టుకున్నారు. వాళ్ల లెక్కలో ఒక ‘పాస్సుస్’ అంటే రెండు మామూలు అడుగులు, దాదాపు మీటరున్నర. అలాంటివి వెయ్యి అయితే ‘మిల్లె పాస్సుస్’. ‘మిల్లె’ అంటే వెయ్యి. ఆ వెయ్యి అంగల మాటే కాలక్రమంలో ఇంగ్లీషు ‘మైల్’ అయింది, మన మైలు, మైలురాయి కూడా దాని నుంచే. రోమన్ మైలు దాదాపు 1480 మీటర్లు, ఇప్పటి మైలు 1609 మీటర్లు. అంటే పాస్‌కూ మైలురాయికీ చుట్టరికం ఉంది. ఇది చదివిన రోజు మేము హుజూర్‌నగర్ నుంచి కోదాడ పోయే బస్సులో ఉన్నాం. కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ పోయాం.

సామాన్య జనం మాట్లాడే లాటిన్‌లో ‘పాస్సుస్’ నుంచి ‘పస్సారె’ అనే క్రియ వచ్చింది. అంగ వేసి ముందుకు పోవడం, దాటడం అని అర్థం. ఫ్రెంచిలో అది ‘పస్సే’ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కోర్టు, పన్నులు, వంట, యుద్ధం అన్నిటిలోకీ ఫ్రెంచి మాటలు వచ్చిపడ్డాయి. మన దగ్గర నిజాం పాలనలో తహసీలు, అమీను, జమాబందీ వంటి ఉర్దూ, పార్శీ మాటలు వచ్చి చేరినట్టే. హుజూర్‌నగర్ పేరులోనే ఉంది గదా ఆ ముద్ర. హుజూర్ అంటే అరబ్బీలో సముఖం, సన్నిధి. రోజూ రాత్రి హాస్టల్లో మేము పలికిన ‘హాజరు’ కూడా అదే ధాతువు నుంచి వచ్చిందని పి.జి.లోకి వచ్చాక గానీ మాకు తెలియలేదు. సరే, అది వేరే కథ. 13వ శతాబ్దం నాటికి ‘పాస్’ ఇంగ్లీషులో స్థిరపడిపోయింది.

మొదటి అర్థం కేవలం నడవడమే: ఒక చోటు దాటి పోవడం. కొండల మధ్య దాటిపోయే సందును అందుకే ‘పాస్’ అన్నారు, ఖైబర్ పాస్ అలాంటిదే. మన కనుమ అదే. కాలం కూడా నడుస్తుంది కాబట్టి ‘టైమ్ పాసెస్’ అన్నారు. బంతి ఒకరి కాలు దాటి మరొకరి కాలికి పోతే అదీ పాసే. చట్టం సభను దాటితే బిల్లు పాసయిందంటారు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో తెలంగాణ బిల్లు పాసయింది. అప్పుడు మేము చిన్నవాళ్లం. ఊళ్లో పెద్దవాళ్లు “పాసైంది, పాసైంది” అని అరుస్తుంటే ఎవరో పరీక్ష పాసయ్యారనుకున్నాం. చనిపోవడాన్ని నేరుగా అనలేక ‘పాస్ అవే’ అంటారు, మన ‘కాలం చేశారు’, ‘దాటిపోయారు’ లాగా. అమెరికాలో ‘అవే’ కూడా వదిలేసి ఉత్త ‘పాస్డ్’ అనడం మామూలే. మా బ్యాచ్‌లో ఒకడు సినిమాల్లో విని లీవ్ లెటర్‌లో ‘మై గ్రాండ్‌మదర్ పాస్డ్ యెస్టర్‌డే’ అని రాశాడు. సారు కళ్లద్దాలు సర్దుకుని, “ఏ తరగతిరా?” అని అడిగారు. వాడు ఏడుపు ఆపుకుని ఉన్నాడని గమనించాక సారే సిగ్గుపడి, వెంటనే సంతకం పెట్టి చార్జీలకు డబ్బులు కూడా ఇచ్చారు.

పరీక్ష విషయానికొద్దాం. తెలుగులో దీనికి పుస్తకాల మాట ‘ఉత్తీర్ణత’. మెమో మీదా, పేపర్లలోనూ చూస్తాం. ఇది సంస్కృతం. ‘తౄ’ అనే ధాతువుకు నీటిని దాటడం అని అర్థం. తీరం, తరించడం, అవతారం అన్నీ ఆ ధాతువు బిడ్డలే. ‘ఉత్’ అంటే పైకి. ఉత్తీర్ణుడంటే ఏటిని దాటి పైకెక్కినవాడు. అయితే ఇంత సంస్కృతం అక్కరలేకుండానే మన పల్లెవాళ్లు ఆ బొమ్మనే చూపించే మాట అంటారు: ‘ఎట్లనో గట్టెక్కిండు’. వంతెన లేని రోజుల్లో మట్టపల్లి దగ్గర కృష్ణ దాటాలంటే పడవే దిక్కు. వరద మీదున్నప్పుడు అవతలి గట్టు ఎక్కడమంటే ఏమిటో అక్కడి పెద్దలను అడిగితే చెబుతారు. లాటిన్ మాట నేల మీద అంగ వేసింది, సంస్కృత మాట, తెలుగు మాట ఏరు దాటాయి. మూడూ చేరింది ఒకచోటికే.

తప్పడం గురించి కూడా ఒక ముక్క. ‘పదోది తప్పిండు’ అంటాం. తప్పడమంటే గురి తప్పడం, దారి తప్పడం. ఇంగ్లీషు ‘ఫెయిల్’ లాటిన్ ‘ఫల్లెరె’ నుంచి వచ్చింది, దానికి మోసగించడం అని అర్థం. ‘ఫాల్స్’ అనే మాట దానికి తోబుట్టువు. ఈ రెండిట్లో మాకు తెలుగు మాటే నచ్చింది. దారి తప్పినవాడు తిరిగి రావచ్చు. మా బ్యాచ్‌లో లెక్కల్లో తప్పినవాడొకడు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి, గట్టెక్కి, ఇప్పుడు ఐ.టి.ఐ. చేసి మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నాడు. మాలో మొదట జీతం తెచ్చుకున్నది వాడే. మా పి.జి. ఫీజుకు వాడి దగ్గర అప్పు కూడా తీసుకున్నాం.

ఇక్కడ వ్యాకరణం కొంచెం ఓపికగా చదవండి తమ్ముళ్లూ. ఇంగ్లీషులో ‘పాస్’ రెండు వైపులా పదునున్న క్రియ. ‘ద స్టూడెంట్ పాస్డ్’ అంటే విద్యార్థి తానే దాటాడు. ‘ద ఎగ్జామినర్ పాస్డ్ ద స్టూడెంట్’ అంటే పరీక్షకుడు దాటనిచ్చాడు. క్రియ ఒక్కటే, కర్త మారాడు. తెలుగులో మనం ఈ రెండిటినీ విడదీసి చెబుతాం: ‘పాసయ్యాడు’, ‘పాస్ చేశారు’. ఈ తేడా ఎంత లోతైనదో 2020లో తెలిసింది. ఆ సంవత్సరం కరోనా వల్ల తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మధ్యలోనే ఆగిపోయాయి, తర్వాత రద్దయ్యాయి. ఇంటర్నల్ మార్కుల ఆధారంగా అందరినీ పాస్ చేశారు. 2021లోనూ అంతే. మా తర్వాత రెండు మూడేళ్లకు వచ్చిన ఆ తమ్ముళ్లను ఊళ్లో ‘కరోనా పాస్’ అని ఎగతాళి చేశారు. ‘మీరు పాస్ కాలేదురా, మిమ్మల్ని పాస్ చేసిన్రు’ అని. అందులో ఒకడు రాత్రిపూట స్టడీ అవర్ అయిపోయాక కూడా బాత్‌రూమ్ లైటు కింద నిలబడి చదివేవాడు. వాడి పరీక్ష ఎవరు రద్దు చేశారు, వాడు చేసిన తప్పేమిటి? ‘అయ్యాడు’కూ ‘చేశారు’కూ మధ్య ఉన్న ఆ చిన్న సందులో వాడు చాలాకాలం ఇరుక్కుపోయాడు. డిగ్రీ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాక గానీ తల ఎత్తి మాట్లాడలేదు.

పాస్ కావడం ఎంత పెద్ద సంగతి, ఎంత చిన్న సంగతి అన్నదానికి డాక్టర్ అంబేద్కర్ తన జీవితం నుంచే ఒక సంఘటన చెప్పారు. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ పుస్తకానికి రాసుకున్న ముందుమాటలో ఉందది. ఆయన నాలుగో తరగతి ఇంగ్లీషు పరీక్ష పాసయినప్పుడు, తమవాళ్లలో అంతదాకా వచ్చిన మొదటి పిల్లవాడు కాబట్టి సభ పెట్టి అభినందించాలని వాడవాళ్లు అనుకున్నారు. తండ్రి రాంజీ ఒప్పుకోలేదు. పిల్లవాడికి తల తిరుగుతుందని, వాడు చేసిందల్లా ఒక పరీక్ష పాస్ కావడమేనని ఆయన అభ్యంతరం. చివరికి తండ్రి స్నేహితుడు దాదా కేలూస్కర్ చెప్పి ఒప్పించారు. సభకు ఆయనే అధ్యక్షత వహించి, తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆ పిల్లవాడికి బహుమతిగా ఇచ్చారు. ఆ పుస్తకం తనమీద ఎంత ప్రభావం చూపిందో అంబేద్కరే రాశారు. మేము దీన్ని చదివినప్పుడు ఇద్దరి పక్షానా నిలబడాలనిపించింది. వాడవాళ్ల సంబరం మాకు తెలుసు. మా డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు మా అమ్మ పొలంలో నాట్లు వేస్తూ ఉన్నది. ఫోన్‌లో “పాసైనవా?” అని అడిగి, అవునంటే, ఆ మడిలో ఉన్న పదిహేను మందికీ వినపడేట్టు చెప్పింది. మా ఇంట్లో డిగ్రీ అన్నది అప్పటిదాకా ఎవరికీ లేదు. రాంజీ మాట కూడా మాకు తెలుసు. ఆ సాయంత్రమే మా నాయన, “మరి కొలువెప్పుడు?” అన్నాడు.

పాస్‌కు ఇంకో ముఖం ఉంది, అది నామవాచకం. దాటిపోవడానికి ఇచ్చే అనుమతి చీటీ. ఫ్రెంచిలో ‘పాస్‌పోర్’ అంటే రేవును దాటే అనుమతి, దాని నుంచే పాస్‌పోర్ట్. ఈ చీటీ కొన్నిచోట్ల మనిషి మెడకు గుదిబండ అయింది. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు తమ సొంత దేశంలోనే ఎటు పోవాలన్నా పాస్ బుక్కు జేబులో పెట్టుకుని తిరగాల్సి వచ్చేది. ఆ పాస్ చట్టాలకు వ్యతిరేకంగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. 1986లో గానీ ఆ చట్టాలు పోలేదు. మన తాతలకు చీటీ లేదు గానీ దాటే నియమాలు ఉండేవి. దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. ఆ దారిన ‘పాస్’ కావడం కూడా ఒక పరీక్షే. ఎవరూ మార్కులు వేయని పరీక్ష.

పాస్‌బుక్ సంగతి మరీ దగ్గరిది. ఈ పేరు బ్యాంకుల నుంచి వచ్చింది. బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య చేతులు మారుతుంది కాబట్టి పాస్‌బుక్. మన దగ్గర భూమికి కూడా ఈ పేరు పెట్టారు. పట్టాదారు పాస్‌బుక్కుల చట్టం 1971లో వచ్చింది. తెలంగాణలో 2020లో దాని స్థానంలో కొత్త చట్టం, దానితో ధరణి వచ్చాయి. 2025లో వాటి బదులు భూభారతి వచ్చింది. 2018 మే నెలలో రైతుబంధు చెక్కులతో పాటు కొత్త పాస్‌బుక్కులు పంచినప్పుడు మా ఊళ్లో మనుషులు రెండు రకాలయ్యారు: పాస్‌బుక్ ఉన్నోళ్లు, లేనోళ్లు. కౌలుకు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు లేనోళ్లలోకి వచ్చారు. ఎడమ కాలువ నీళ్లు మా ఊరి పొలాల్లో పారుతాయి, కానీ మా వాడలో చాలామందికి అందులో గుంట కూడా లేదు. మా ఇంటికి వచ్చిన మొదటి పాస్‌బుక్ భూమిది కాదు, ఈ హాస్టల్లో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన బ్యాంకు ఖాతాది. మా అమ్మ ఇప్పటికీ దాన్ని పెట్టెలో బట్టల అడుగున పెట్టింది. ఖాతాలో ఏమీ లేదు.

ఉచ్చారణ గురించి ఒక సరదా విషయం. మనవాళ్లు కొందరు ‘పాస్’ అంటారు, కొందరు ‘ప్యాస్’ అంటారు. రెండూ తప్పు కాదు. లండన్ వైపు ‘పాస్’, అమెరికాలో ‘ప్యాస్’. అయితే ‘ప్యాసింజర్’ను మాత్రం లండన్ వాళ్లు కూడా ‘ప్యా’తోనే పలుకుతారు. మన ఊళ్లో పాస్‌పోర్ట్ అనేవాడే ప్యాసింజర్ బండి అంటాడు, ఎప్పుడూ ‘పాసింజర్’ అనడు. చదువు లేని ఆటో డ్రైవర్ చెవి కూడా ఆ తేడాను అంత సరిగ్గా పట్టుకుంది! ‘ప్యాసింజర్’లో ఆ ‘న్’ ధ్వని కూడా తర్వాత వచ్చి చేరిందే. ఫ్రెంచిలో ‘పసాజే’, ఇంగ్లీషువాళ్లు మధ్యలో ‘న్’ ఇరికించారు. ‘మెసేజ్’ నుంచి ‘మెసెంజర్’ కూడా అలాగే.

‘టైంపాస్’ మనది. బస్టాండులో పల్లీలమ్మేవాడు “టైంపాస్, టైంపాస్” అంటాడే, అది భారతీయుల ఇంగ్లీషు. ఇంగ్లండువాళ్లకు అదే అర్థంతో ‘పాస్టైమ్’ ఉంది. చూడటానికి ‘గతించిన కాలం’ లాగా కనిపిస్తుంది గానీ, అది ‘పాస్’, ‘టైమ్’ కలిపి ఫ్రెంచి మాటను అనుసరించి చేసినది. మనం ముందుది వెనక్కి, వెనకది ముందుకు పెట్టాం, అంతే. చర్చికి పోయే తమ్ముళ్లకు ఇంకొకటి: పస్కా పండుగను ఇంగ్లీషు బైబిల్‌లో ‘పాస్‌ఓవర్’ అంటారు. ఆ మాటను 1530లో విలియం టిండేల్ తన అనువాదంలో తయారుచేశాడు. కానీ శ్రమల వారాన్ని ‘ప్యాషన్ వీక్’ అంటారే, ఆ ‘ప్యాషన్’కు పాస్‌తో ఏ సంబంధమూ లేదు. అది బాధపడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. పేషెంట్, పేషెన్స్, వ్యాకరణంలో మనల్ని ఏడిపించే ప్యాసివ్ వాయిస్ కూడా ఆ కుటుంబమే.

ఇక తప్పుల దగ్గరికి. ‘పాస్డ్’, ‘పాస్ట్’ పలకడానికి ఒకేలా ఉంటాయి. రాయడంలో తేడా. క్రియ అయితే ‘పాస్డ్’: ‘ద బస్ పాస్డ్ అవర్ హాస్టల్’. క్రియ వేరే ఉండి ఇది పక్కన నిలిస్తే ‘పాస్ట్’: ‘ద బస్ వెంట్ పాస్ట్ అవర్ హాస్టల్’. నిజానికి ‘పాస్ట్’ అన్నది ‘పాస్డ్’కే పాత రాత, తర్వాత వేరుపడి కాపురం పెట్టింది. ‘హాఫ్ పాస్ట్ సిక్స్’ అంటే ఆరు దాటి అరగంట. టిఫిన్ గంట కొట్టే టైము కాబట్టి ఇది మరిచిపోరు. ‘ఐ పాస్డ్ ఇన్ ద ఎగ్జామ్’ అనకండి, ‘ఇన్’ అక్కర లేదు. ‘ఐ పాస్డ్ ద ఎగ్జామ్’ చాలు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ‘పాస్డ్ అవుట్’ దగ్గర. మన దేశంలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అంటే ఆ సంవత్సరం చదువు పూర్తయిందని అర్థం. ఇది ఎక్కడినుంచో ఊడిపడలేదు. సైన్యంలో, పోలీసు శిక్షణలో కోర్సు ముగిసినప్పుడు పాసింగ్ అవుట్ పరేడ్ చేస్తారు. హైదరాబాద్‌లో పోలీసు అకాడమీలో జరిగే పరేడ్ వార్త పేపర్లో చూసే ఉంటారు. కానీ బయటి దేశాల్లో మామూలు మాటల్లో ‘పాస్డ్ అవుట్’ అంటే స్పృహ తప్పి పడిపోయాడని అర్థం. మాలో ఒకరికి ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఇదే ఎదురైంది. ఫోన్‌లో అవతల ఉన్నది విదేశీయుడు. ‘ఐ పాస్డ్ అవుట్ లాస్ట్ ఇయర్’ అనగానే ఆయన కంగారుగా, ఇప్పుడు ఆరోగ్యం బాగుందా అని అడిగాడు. ఇవతల కూర్చున్న మనవాళ్లు ఇద్దరు గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకు మిగతా ప్రశ్నలకు నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. నవ్విన ఇద్దరి రెజ్యూమెలలో కూడా ఆ మాటే ఉండి ఉంటుందని మా అనుమానం. ఏమైనా మీరు రాసేటప్పుడు ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023’ అనో, ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ’ అనో రాయండి. మాట్లాడేటప్పుడు ఎవరైనా ‘పాస్డ్ అవుట్’ అంటే మాత్రం నవ్వకండి.

పదో తరగతి తమ్ముళ్లకు ఒకటి చెప్పాలి. హిందీలో 20 వస్తే గట్టెక్కుతారు, మిగతా వాటిలో 35 కావాలి. ఇంగ్లీషు పేపర్లో క్రియల ప్రశ్నలు వదిలిపెట్టకండి. ఈ వ్యాసంలోని మాటలన్నీ మా పాత నోట్సులో వాక్యాలతో సహా రాసి ఉన్నాయి. ఆ నోట్సు ఆఫీసు గదిలో, ఔట్ పాస్ రిజిస్టర్ ఉండే అలమారలోనే పెట్టి వచ్చాం. వాచ్‌మన్ తాతకు చెబితే తీసిస్తాడు.